ఎవరెస్టు ఏ కిటికీలో ఉంది?

ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా వెళ్లే విమానంలో, ఆకాశం తేటగా ఉన్న రోజున, ఒక చిన్న తమాషా నడుస్తుంది. బయల్దేరిన అరగంటకో ముప్పావుగంటకో ఎడమవైపు కిటికీ పక్కన ఎవరో ఫోను పైకెత్తుతారు. వెనక వరసలో ఇంకొకరు. మధ్య సీటాయన ముందుకు వంగుతాడు. ఐల్ సీటావిడ మెడ చాపుతుంది. కాసేపటికి కుడివైపు వాళ్లు కూడా ఏమిటా అని ఇటే చూస్తారు. కిటికీ సీటు కోసం అదనంగా డబ్బు కట్టి మరీ కుడివైపు కూర్చున్నవాళ్లకు గంగా మైదానం మీద పరుచుకున్న బూడిదరంగు మసక తప్ప ఏమీ దక్కదు. ఎడమవైపు వాళ్లకు మాత్రం నందాదేవి నుంచి కాంచన్‌జంగా దాకా హిమాలయాలు వరసగా నడిచివస్తాయి.

ఇందులో అదృష్టం పాలు తక్కువ. చిన్న తరగతుల పాఠం గుర్తుంటే చాలు. ఉదయిస్తున్న సూర్యుడికి ఎదురుగా నిలబడి చేతులు చాపితే ఎడమచేతి వైపు ఉత్తరం, కుడిచేతి వైపు దక్షిణం. ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా, గువాహటి వెళ్లే విమానం దాదాపు తూర్పు ముఖం పెట్టుకుని ఎగురుతుంది. హిమాలయాలు ఉత్తరాన ఉన్నాయి కాబట్టి ఎడమ కిటికీయే వాటిది. తిరుగు ప్రయాణంలో ముఖం పడమటికి తిరుగుతుంది, కొండలు కుడివైపుకొస్తాయి. పోయేటప్పుడు కలిసొచ్చిన సీటు కదా అని వచ్చేటప్పుడూ అదే బుక్ చేసుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు.

సీటు అక్షరాల సంగతి అందరికీ తెలిసిందే అయినా ఒకసారి చెప్పుకోవాలి. ముందుకు తిరిగి కూర్చున్నప్పుడు ఎడమ చివర ‘ఏ’. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 విమానాల్లో కుడి చివర ‘ఎఫ్’. విదేశాలకు వెళ్లే పెద్ద బోయింగ్ 777 లాంటి వాటిలో కుడి కిటికీ సాధారణంగా ‘కే’ అవుతుంది. మధ్యలో ‘ఐ’ అక్షరం ఉండదు, ఒకటి అంకెలా కనిపించి గందరగోళపెడుతుందని దాన్ని వదిలేస్తారు.

ఎడమ కిటికీ దొరికినా హిమాలయాలను చూడకుండానే దిగిపోయేవాళ్లున్నారు. కళ్లెదుటే ఉన్నా వాటిని మేఘాలనుకుంటారు. ఆ పొరపాటుకు కారణం లెక్కల్లో ఉంది. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతున్నప్పుడు దిగంతం సుమారు 375 కిలోమీటర్ల అవతల ఉంటుంది. భూమి గుండ్రన కాబట్టి ఆ దిగంతం మన కంటి మట్టానికి మూడు డిగ్రీలకు పైగా కిందికి దిగిపోయి కనిపిస్తుంది. 8,849 మీటర్ల ఎవరెస్టు నూట పాతిక, నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు దాని శిఖరం కంటి మట్టానికి డిగ్రీన్నర మాత్రమే కింద ఉంటుంది. అంటే కొండ నేలకు అతుక్కుని కాదు, దిగంతం మీది మసకకు పైన గాలిలో తేలుతున్నట్టు తెల్లగా కనిపిస్తుంది. చేయి బారుగా చాపి బొటనవేలు అడ్డం పెడితే, ఆ వేలి వెడల్పులో కొండంతా ఇమిడిపోతుంది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరం బొటనవేలి వెనక దాక్కుంటుందని ఎవరు ఊహిస్తారు? అందరూ పెద్ద గోడలాంటిదాని కోసం కిందికి వెతుకుతుంటారు.

మేఘానికీ మంచుకొండకూ తేడా పట్టడం కష్టమేమీ కాదు. ఐదు నిమిషాలు ఒకేచోట చూస్తే మేఘం ఆకారం మారుతుంది, అంచులు దూదిలా చెదురుతాయి. కొండ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, నీడవైపు నీలం తిరుగుతుంది. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు ప్రపంచంలో 14 ఉంటే వాటిలో 8 నేపాల్‌లోనూ దాని సరిహద్దుల మీదా ఉన్నాయి. ఈ దారిలో తూర్పుకు పోతుంటే ముందు ధవళగిరి వస్తుంది. తరవాత కాళీ గండకీ నది కోసిన లోతైన సందు, ఆ వెంటనే అన్నపూర్ణ. ఎవరెస్టు వచ్చేసరికి పక్కనే లోత్సే, మకాలు ఉండటంతో ఏది ఏదో చెప్పడానికి కాస్త తడబాటు తప్పదు. కాంచన్‌జంగాతో ఆ ఇబ్బంది లేదు. మిగతావాటికి దూరంగా, అనేక శిఖరాల ముద్దలా, బాగ్‌డోగ్రాలో దిగే ముందు అది కిటికీ నిండా వస్తుంది.

ఈ కిటికీలోంచి చూడటానికి ఒకప్పుడు ఎంత కష్టపడ్డారో తెలిస్తే టికెట్టు చవకే అనిపిస్తుంది. 1933 ఏప్రిల్ 3న రెండు వెస్ట్‌లాండ్ విమానాలు తొలిసారి ఎవరెస్టు మీదుగా ఎగిరాయి. అవి లేచింది బీహార్‌లోని పూర్ణియా నుంచి. బాగ్‌డోగ్రా వెళ్లే నేటి విమానాలు కూడా బీహార్ మీదుగానే పోతాయి. అంతకు ముందు 19వ శతాబ్దిలో సర్వే శాఖవాళ్లు నేపాల్‌లోకి అడుగుపెట్టే వీల్లేక, 170 కిలోమీటర్లకు పైగా దూరాన బీహార్ మైదానాల్లో నిలబడి దుర్బిణీ యంత్రాలతో ఈ శిఖరాన్ని కొలిచారు. ఆ కొలతల లెక్క కట్టినవాడు బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దర్.

కాలం కూడా చూసుకోవాలి. వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో గాలి కడిగినట్టుంటుంది. చలికాలంలో మైదానం మీద పొగమంచు దట్టంగా ఉన్నా అది కింది పొరకే పరిమితం. పైనుంచి చూసేవాళ్లకు మంచుకొండలకు ఏ అడ్డూ ఉండదు.

దిక్కు తేలాక సూర్యుడి సంగతి. హిమాలయాల విషయంలో ఎడమ కిటికీ అంత బాగా పనిచేయడానికి రెండో కారణం అదే. మన దేశంలో ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. ఉత్తరం వైపు చూసేవాళ్లకు వెలుగు వెనకనుంచి వచ్చి, ఎదురుగా ఉన్నదాని మీద పడుతుంది. కంట్లో ఎండ పడదు, రంగులు తేలతాయి. ఫొటో స్టూడియోలో దీపం ఎక్కడ పెడతారో అక్కడే సూర్యుడున్నట్టు. హైదరాబాదు లాంటి దక్షిణాది ఊళ్లలో మాత్రం ఈ సూత్రం కొంతకాలం తిరగబడుతుంది. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు, నీడ మాయమవుతుంది. అప్పట్నుంచి ఆగస్టు 3 దాకా మిట్టమధ్యాహ్నం అతను ఉత్తరం వైపే ఉంటాడు.

అలాగని ఎండవైపు కిటికీని తీసిపారేయడానికి లేదు. తెలంగాణ మీద ఎగిరేవాళ్లకైతే అసలే లేదు. ఈ నేల మీద 46 వేలకు పైగా చెరువులున్నాయని మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు లెక్క తేల్చారు. చలికాలం ఉదయం తొమ్మిది, పది గంటల వేళ హైదరాబాదు నుంచి రాజమండ్రి వెళ్లే విమానంలో కుడివైపు కూర్చుంటే ఆ లెక్క కంటికి కనిపిస్తుంది. సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. నీటి మీద పడ్డ కిరణం ఎంత కోణంలో వచ్చిందో అంతే కోణంలో పైకి లేస్తుంది. ఆ దారిలో విమానం ఉన్న క్షణంలో చెరువు మొత్తం అద్దంలా భగ్గుమంటుంది. మరుక్షణం ఆరిపోతుంది, ఆ పక్క చెరువు వెలుగుతుంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు ఒకదాని అలుగు ఇంకొకదానిలోకి పారేలా కట్టిన గొలుసుకట్టు చెరువులు ఒక్కొక్కటే అంటుకుని ఆరుతుంటే, కాకతీయుల కాలం నుంచి సాగిన నీటి పని అంతా పటం గీసి చూపినట్టుంటుంది. చెట్ల కింద దాగిన చిన్న కుంట కూడా ఆ తళుక్కుతో దొరికిపోతుంది. నేల మీద తిరిగేవాళ్లకు ఇది ఎన్నడూ కనబడదు.

అదే విమానంలో ఎడమవైపు వాళ్లది ఇంకో లోకం. ఎండ వెనకనుంచి పడుతుంది కాబట్టి నేల రంగులు స్పష్టం. రాజమండ్రి దగ్గరపడేసరికి ఉత్తరాన పాపికొండల వరసలు, వాటి మధ్య నలిగి నడిచొచ్చి పోలవరం దగ్గర బయటపడే గోదావరి. కుడివైపు కొల్లేరు ప్రాంతపు చేపల చెరువులు, స్కేలు పెట్టి గీసినట్టు గళ్లుగళ్లుగా. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

ఈ దారిలో చాలా సర్వీసులకు ఏటీఆర్ విమానాలే వాడతారు. రెక్కల ముందు గిరగిరా తిరిగే ప్రొపెల్లర్లు చూసి పాతకాలపు బండి అని ముఖం చిట్లించేవాళ్లు చాలామంది. కిటికీ ప్రేమికుడికి మాత్రం ఇంతకన్నా మంచి బండి లేదు. దీని రెక్కలు శరీరానికి పైన అతికి ఉంటాయి, కిటికీలు వాటి కింద ఉంటాయి. ఏ వరసలో కూర్చున్నా నేలకు రెక్క అడ్డం రాదు. పైగా ఇది 25 వేల అడుగులకు మించి ఎగరదు, మెల్లగా పోతుంది. జెట్‌లో చుక్కలా కనిపించే ఊరు ఇందులో వీధులతో సహా కనిపిస్తుంది. ముందు వరసల్లో కూర్చుని ప్రొపెల్లర్‌ను ఫోనుతో ఫొటో తీస్తే రెక్కలు అరటికాయల్లా వంగి వస్తాయి. ఫోను కెమెరా బొమ్మ మొత్తాన్ని ఒకేసారి కాకుండా గీత తరవాత గీతగా చదువుతుంది. ఒక గీత చదివి ఇంకో గీతకు వచ్చేలోగా ప్రొపెల్లర్ కొంత తిరిగిపోతుంది. ఆ వంకర అలా పుట్టిందే.

జెట్ విమానాల్లో వరస ఎంపిక ముఖ్యం. ఎయిర్‌బస్ 320 రెక్క శరీరానికి దిగువన ఉంటుంది. సుమారు 10వ వరస నుంచి 19, 20 వరసల దాకా నేలలో సగభాగాన్ని అదే కప్పేస్తుంది. రెక్క వెనక కూర్చుంటే నేల కనిపిస్తుంది గానీ ఇంజను వదిలే వేడిగాలి మధ్యలో అడ్డు తగులుతుంది. వేసవిలో తారురోడ్డు మీద ఎదురుగా వచ్చే బస్సు అలలుగా కదిలినట్టు, ఆ వేడిగాలిలోంచి చూసిన కొండ అంచు కూడా వణుకుతుంది. వేడి చల్లని గాలులు కాంతిని వేరువేరుగా వంచడమే దీనికి కారణం. కాబట్టి రెక్కకు ముందు వరసలే మేలు, వాటికి ధర కూడా ఎక్కువే. డబ్బు పెట్టడం ఇష్టంలేనివాళ్లు బాగా వెనక వరసలకు పోవచ్చు. రెక్క దూరమై, ఫొటోకు చక్కని చట్రంలా పనికొస్తుంది.

కిటికీ సీటుకు కిటికీ ఉంటుందన్న నమ్మకం కూడా అన్నిసార్లూ నిలవదు. ఎయిర్‌బస్ 320 శరీరపు ఎముకల గూడులో కిటికీకీ కిటికీకీ ఎడం సుమారు 53 సెంటీమీటర్లు. సీటుకూ సీటుకూ మధ్య 71 నుంచి 76 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మొదటిది విమానం కట్టినవాళ్లు పెట్టిన లెక్క, రెండోది నడిపేవాళ్లు పెట్టుకున్న లెక్క. రెండూ కలవవు కాబట్టి ఒక వరసలో కిటికీ మొహానికి ఎదురుగా వస్తుంది, ఇంకో వరసలో భుజం వెనక్కి పోతుంది. బోయింగ్ 737లో రెక్కకు ముందు ఒకచోట చల్లగాలి గొట్టం గోడలోంచి పైకి వెళ్తుంది. అక్కడ కిటికీయే పెట్టరు. ఆ సీటు కొన్నవాళ్లకు దక్కేది ప్లాస్టిక్ గోడ.

ఆ కిటికీ ఎందుకంత చిన్నది, ఎందుకు గుండ్రటి మూలలతో ఉంటుంది అన్నదానికి ఒక విషాద చరిత్ర ఉంది. 1954 జనవరి 10న, ఏప్రిల్ 8న రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా సముద్రం మీద గాలిలోనే విచ్చిపోయాయి. బ్రిటన్ ఇంజనీర్లు ఇంకో కామెట్‌ను నీళ్ల తొట్టిలో దించి, లోపలి పీడనాన్ని పదేపదే పెంచి తగ్గించి చూశారు. ఎగిరిన ప్రతిసారీ ఉబ్బి, దిగిన ప్రతిసారీ తగ్గే లోహపు తొడుగు అలసిపోయి, దానిలో కోసిన ద్వారాల మూలల దగ్గర చీలుతోందని తేలింది. ఇప్పటి కిటికీకి మూడు పొరలుంటాయి. పీడనాన్ని మోసేది బయటి పొర. మధ్య పొరలో అడుగున సూది బెజ్జంలాంటి చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి గాలి దానిగుండా పొరల మధ్యకు చేరడం వల్ల భారమంతా బయటి పొర మీదే పడుతుంది, ఆవిరి పట్టడమూ తగ్గుతుంది. చలి ఎక్కువైనప్పుడు ఆ రంధ్రం చుట్టూ మంచు పువ్వులు విచ్చుకుంటాయి. మన చేతికి తగిలే మూడో పొర గీతలు పడకుండా కాపాడటానికే. పోలరాయిడ్ కళ్లజోడు పెట్టుకుని ఈ కిటికీలోంచి చూస్తే ఇంద్రధనుస్సు మరకలు తేలతాయి. సాగదీసి చేసిన యాక్రిలిక్ కాంతిని చీల్చే తీరు అది. కళ్లజోడు తీస్తే ఆకాశం మళ్లీ మామూలైపోతుంది.

మేఘాలు కమ్మిన రోజున కిటికీ దండగ అనుకుంటారు. అలాంటి రోజున ఎండ పడని వైపు కూర్చోవాలి. కింద పరుచుకున్న మేఘాల మీద విమానం నీడ, దాని చుట్టూ రంగురంగుల వలయాలు. దీన్ని గ్లోరీ అంటారు. నీటి తుంపరలు కాంతిని వచ్చిన దారినే వెనక్కి తిప్పడం వల్ల ఇది ఏర్పడుతుంది. వలయం నడిమధ్య ఉండేది చూస్తున్న మనిషి సీటు. 3వ వరసవాడికి అది విమానం నీడ ముందుభాగం చుట్టూ కనిపిస్తే, 28వ వరసవాడికి తోక చుట్టూ కనిపిస్తుంది. ఎవరి గ్లోరీ వారిదే. 1894 సెప్టెంబరులో స్కాట్లాండ్‌లోని బెన్ నెవిస్ కొండ మీద ఇలాంటి వలయాలు చూసి ముగ్ధుడైన సి.టి.ఆర్. విల్సన్, వాటిని ప్రయోగశాలలో సృష్టించబోయి మేఘపేటికను కనిపెట్టాడు. పరమాణు కణాల దారులను తొలిసారి కంటికి చూపించిన ఆ పరికరానికి 1927లో నోబెల్ బహుమతి వచ్చింది.

హైదరాబాదు నుంచి ఢిల్లీ దారి దాదాపు నిటారుగా ఉత్తరానికి. సాయంత్రం విమానమైతే సూర్యాస్తమయం ఎడమ కిటికీలో సూటిగా పడుతుంది. దిగంతం కిందికి దిగిపోయి ఉండటం వల్ల అంత ఎత్తున సూర్యుడు నేల మీదకన్నా దాదాపు 14 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు. కింద ఊళ్లలో దీపాలు వెలిగాక కూడా పైన ఎర్రటి ఎండ ఉంటుంది. కుడివైపు వాళ్లు నొచ్చుకోనక్కర్లేదు. అస్తమయం అయిన కాసేపటికి తూర్పు దిగంతం మీద ముదురు నీలిరంగు పట్టీ ఒకటి లేస్తుంది, దాని నెత్తిన లేత గులాబీ అంచు. ఆ నీలం చీకటి కాదు, వాతావరణం మీద పడుతున్న భూమి నీడ. నేల మీద ఇళ్లూ చెట్లూ కప్పేసే ఈ నీడను ఇంత నిండుగా చూసే చోటు విమానం కిటికీయే.

అమెరికా నుంచి చలికాలంలో ఇంటికొచ్చే తెలుగువాళ్లకు ఇదే దిక్కుల లెక్క ఇంకోలా పనికొస్తుంది. అటు వెళ్లే విమానాలు సూర్యుడి వెంట పరుగెత్తుతాయి కాబట్టి అట్లాంటిక్ ఎక్కువగా పగటి వెలుగులో దాటతాయి. వచ్చేవి రాత్రి దాటతాయి. ముఖం తూర్పుకు, ఉత్తరం ఎడమకు. కెనడా తీరం దాటి ఉత్తర అట్లాంటిక్ మీద ఉన్నప్పుడు, పక్కవాళ్లంతా నిద్రపోతుంటే, దుప్పటి నెత్తిన కప్పుకుని లోపలి వెలుతురును ఆపి ఎడమ కిటికీలోంచి ఓపిగ్గా చూసేవాళ్లకు ఆకుపచ్చటి ధ్రువకాంతులు దొరికే అవకాశం ఉంది.

ఏ దారైనా, అదే నంబరు విమానం ముందురోజు ఎటు తిరిగి వెళ్లిందో ఫ్లైట్‌రాడార్24లో చూసుకుంటే సగం పని అయిపోతుంది. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా జీపీఎస్ పనిచేస్తుంది. ముందే దించుకున్న మ్యాపు తెరిచి కిటికీకి ఆనిస్తే కింద ఉన్న నది పేరేమిటో తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. విశాఖ రన్‌వే నౌకాదళానిది, బాగ్‌డోగ్రా, లేహ్ వైమానిక దళానివి. అలాంటి చోట్ల నేల మీద ఉన్నంతసేపు కెమెరా లోపల పెట్టాల్సిందే. విశాఖలో సముద్రం వైపు నుంచి దిగితే ఎడమ కిటికీలో డాల్ఫిన్ నోస్ కొండ, కుడి కిటికీలో బీచ్ రోడ్డు. అది కళ్లతో చూసి దాచుకోవడమే.

ఇక గాలి. దిగేటప్పుడు ఏ కిటికీలో ఊరు కనిపిస్తుందో తేల్చేది అదే. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. అలా దిగితే నేల మీద వేగం తగ్గి, ఆగడానికి తక్కువ దూరం చాలుతుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. వాటి ఒక చివర 09 అనీ, రెండో చివర 27 అనీ రాసి ఉంటుంది. 90 డిగ్రీలు, 270 డిగ్రీలకు అవి పొట్టి పేర్లు. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది కాబట్టి విమానాలు సాధారణంగా తూర్పు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగుతాయి. అప్పుడు ఉత్తరాన ఉన్న నగరం కుడి కిటికీది. చలికాలంలో గాలి తూర్పుకు మళ్లుతుంది, విమానాలు పడమటి నుంచి వచ్చి తూర్పు ముఖంగా దిగుతాయి. నగరం ఎడమకు మారుతుంది. జూలైలో ఎఫ్, డిసెంబరులో ఏ.

డిసెంబరు మధ్యాహ్నం ఆ ‘ఏ’ సీటులో కూర్చున్నవాళ్లకు ముందు ఉస్మాన్‌సాగర్ దూరంగా, తరవాత హిమాయత్‌సాగర్ దగ్గరగా కనిపిస్తాయి. సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి విమానం నీడ కూడా ఈ వైపే పడుతుంది. చాలాసేపు అది కనబడదు. సూర్యుడు చుక్క కాదు, అరడిగ్రీ వెడల్పున్న బింబం. నాలుగు మీటర్ల వెడల్పు విమానం శరీరానికి గట్టి నీడ నాలుగు వందల మీటర్ల దాకానే సాగుతుంది, ఆపైన అంచులు కరిగిపోతాయి. విమానం ఆ ఎత్తు దాటి కిందికి రాగానే బీడు భూముల మీద ఒక బూడిదరంగు మచ్చ పరుగెత్తడం మొదలవుతుంది. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్ల మీదికెక్కుతుంది, దిగుతుంది, కంచె దాటుతుంది. ముక్కు, రెక్కలు, తోక ఒక్కొక్కటే తేలతాయి. రన్‌వే పక్కన గడ్డి మీద అది కిటికీ కిందికి జరుగుతూ జరుగుతూ వచ్చి, చక్రాలు నేలను తాకేసరికి వాటిని అందుకుంటుంది.